యంత్రానువాదాల తూకం: తీర్పు చెప్పవలసినవారెవరు?

అనువాదం ఎంత ప్రాచీనమైనదో అనువాద విమర్శ కూడ దాదాపు అంత ప్రాచీనమైనదే. క్రీ.శ. తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదు నగరంలో గ్రీకు వైద్యశాస్త్రాన్ని సిరియాక్, అరబీ భాషలలోనికి తెచ్చిన హునైన్ ఇబ్న్ ఇస్హాక్ (మరణం 873) తన మిత్రుడు అలీ ఇబ్న్ యహ్యాకు వ్రాసిన లేఖారూప గ్రంథం ఇందుకు గొప్ప తార్కాణం. గాలెన్ రచనలు 129 దాకా అందులో పేర్కొనబడ్డాయి. ప్రతి గ్రంథాన్ని గురించి, దానిని ఎవరు అనువదించారు, ఎవరి కోరికపై అనువదించారు, ఏ మూలప్రతి ఆధారమైంది, ఆ అనువాదకుని శక్తి ఎంతటిది అన్న విషయాలను హునైన్ ఒక్కొక్కటిగా నమోదు చేశాడు. ఇతరుల లోపాలను చెప్పి ఊరుకోలేదు. యౌవనంలో తాను తప్పుల తడకగా ఉన్న ఒకే ప్రతి నుండి చేసిన అనువాదాన్ని, నలభై ఏళ్ల ప్రాయంలో అనేక ప్రతులు సేకరించి, వాటిని పోల్చి, తిరిగి సరిదిద్దవలసివచ్చిందని కూడ దాచకుండా వ్రాశాడు. హునైన్ క్రైస్తవుడు. అతని పోషకులలో అనేకులు ముస్లింలు. మతభేదం అతని అనువాదానికి గాని, విమర్శకు గాని అడ్డు రాలేదు.

పన్నెండు వందల సంవత్సరాల తరువాత అనువాదకుని పీఠంపై యంత్రం కూర్చున్నది. దానిని తయారుచేసేవి వాణిజ్య సంస్థలు. అమ్మేవి అవే. ఎంత బాగా అనువదిస్తున్నదో చెప్పేవి కూడ చాలవరకు అవే. వర్తకుడే తూనికరాళ్లు తెచ్చి, తానే తూచి, తానే లెక్క చదివితే ఆ బేరంలో కొనుగోలుదారుకు మిగిలేది నమ్మకం ఒక్కటే. తూనికలు, కొలతల విషయంలో మోసాన్ని ఇస్లాం ఘోరపాపంగా పరిగణించింది. ముస్లిం నగరాలలో బజారు తూకాలను తనిఖీ చేయడానికి ముహ్‌తసిబ్ అనే అధికారిని నియమించేవారు. అతడు వర్తకులలో ఒకడు కాకపోవడమే ఆ పదవి సారాంశం. యంత్రానువాదాల బజారులో అట్టి తనిఖీ ఎంతవరకు జరిగింది, ఎట్లు జరిగింది, అరబీ, తెలుగు భాషల మధ్య అది ఎట్లు జరగవలసియున్నది అన్న విషయాలు పరిశీలింపదగినవి.

ప్రదర్శన వేరు, పరీక్ష వేరు

1954 జనవరి 7న న్యూయార్కులో జార్జిటౌన్ విశ్వవిద్యాలయం, ఐ.బి.ఎం. సంస్థ కలిసి ఒక యంత్రం చేత రష్యన్ వాక్యాలను ఇంగ్లీషులోనికి మార్పించి పత్రికలవారికి చూపాయి. ఆ యంత్రానికి తెలిసిన పదాలు 250. వ్యాకరణ సూత్రాలు ఆరు. వాక్యాలు ముందుగానే ఎంపిక చేసి పెట్టుకున్నవి. అందులో మోసం లేదు. నిర్వాహకులు ఈ పరిమితులను దాచలేదు. అయితే చూచినవారు దానిని పరీక్షగా భావించారు. కొద్ది సంవత్సరాలలో యంత్రాలు అనువాదకుల పనిని చేపడతాయన్న ఆశ బలపడింది. విక్రేత ఎంపిక చేసిన వాక్యాలతో విక్రేత నిర్వహించే ప్రదర్శన ఎంత నిజాయితీగా జరిగినా, దాని నుండి తెలిసేది యంత్రం చేయగలిగిన పని మాత్రమే. చేయలేని పని ఏమిటో దాని నుండి తెలియదు.

ఈ రెండవ విషయాన్ని తాత్త్వికుడు బార్-హిల్లెల్ 1960లో ఎత్తిచూపాడు. పిల్లవాని బొమ్మలపెట్టె ‘పెన్’లో ఉన్నదని ఇంగ్లీషులో ఒక వాక్యం ఉన్నదనుకొందాం. ‘పెన్’ అనగా కలం. పసిపిల్లలు ఆడుకొనడానికి కట్టిన చిన్న దడి కూడ ‘పెన్’ అనే అనబడుతుంది. పెట్టె కలంలో పట్టదన్న లోకజ్ఞానం ఉన్నవారికి అర్థం తెలుస్తుంది. నిఘంటువు, వ్యాకరణం మాత్రమే తెలిసిన యంత్రానికి తెలియదు. నేటి యంత్రాలు అసంఖ్యాకమైన వాక్యాలను చదివి నేర్చుకున్నవి గనుక ఈ ప్రసిద్ధ వాక్యం వాటికి కఠినం కాదు. కాని సమస్య తొలగిపోయిందనడానికి వీలులేదు. అది తక్కువ గ్రంథసంపద ఉన్న భాషలలోనికి, అరుదైన సందర్భాలలోనికి జరిగి కూర్చున్నది.

అమెరికా ప్రభుత్వం 1964లో జాన్ పియర్స్ అధ్యక్షతన ‘ఆల్పాక్’ అనే సంఘాన్ని నియమించింది. 1966లో వెలువడిన ఆ సంఘ నివేదిక, యంత్రానువాదం మనుష్యుల అనువాదం కంటె నిదానమైనది, తప్పులు ఎక్కువ గలది, ఖర్చు దాదాపు రెట్టింపు అయినది అని తేల్చింది. దానితో అమెరికాలో ఈ పరిశోధనకు నిధులు బహుగా తగ్గిపోయాయి. ఈ నివేదికను మెచ్చుకొనేవారు, దూషించేవారు ఇద్దరూ దాని తీర్పునే చూచారు గాని, తీర్పుకు వాడిన పద్ధతిని తగినంతగా చూడలేదు. సంఘ సభ్యుడైన మనస్తత్వవేత్త జాన్ కారల్ అనువాదానికి రెండు గుణాలను వేరుపరచాడు. ఒకటి సుబోధత, అనగా చదివినవారికి అర్థమయ్యే గుణం. రెండవది విశ్వసనీయత, అనగా మూలానికి కట్టుబడి ఉండే గుణం. రెండవదానిని కొలవడానికి పరీక్షకులు ముందు అనువాదాన్ని చదివి, తరువాత మూలాన్ని చదివి, మూలం తమకు కొత్తగా ఎంత చెప్పిందో అంకెలలో తెలిపారు. మూలం ఏమీ కొత్తగా చెప్పకపోతే అనువాదం నమ్మదగినదన్నమాట. ఈ పద్ధతి నేటికీ వన్నె తగ్గనిది. ఆ నివేదికలోని లోపం మరొకచోట ఉన్నది. రష్యన్ శాస్త్ర వ్యాసాలు చదువవలసిన అమెరికా ప్రభుత్వ శాఖల అవసరాన్ని ముందుంచుకొని చేసిన తీర్పును, లోకమంతా సమస్త భాషలకు, సమస్త ప్రయోజనాలకు అన్వయించుకున్నది. అదే కాలానికి చేరువలో, 1977 నుండి కెనడాలో వాతావరణ సూచనలను మాత్రమే అనువదించే ‘మెటియో’ అనే యంత్రం దశాబ్దాల పాటు విజయవంతంగా పనిచేసింది. పని ఇరుకైనది. భాష మితమైనది. అందుచేత ఫలితం బాగున్నది. ఎవరికి, దేనికి అన్న ప్రశ్న లేకుండా మంచి, చెడు అన్న తీర్పు నిలువదని ఈ రెండు ఉదాహరణలు తెలుపుతున్నాయి.

అంకెల మాయ

పరీక్షకులను పిలిచి చదివించడం ఖర్చుతో కూడిన పని. 2002లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన కిశోర్ పాపినేని, ఆయన సహచరులు ‘బ్లూ’ అనే లెక్కను ప్రతిపాదించారు. మనిషి చేసిన అనువాదాన్ని ప్రక్కన పెట్టుకొని, యంత్రం చేసిన అనువాదంలో ఎన్ని పదాలు, ఎన్ని జంట పదాలు, మూడేసి, నాలుగేసి పదాల వరుసలు దానితో కలుస్తున్నాయో కంప్యూటరే లెక్కించి ఒక అంకె ఇస్తుంది. ఖర్చు లేదు, ఆలస్యం లేదు, పక్షపాతం లేదు. అందుచేత అది ఈ రంగమంతటా వ్యాపించింది. 2010 నుండి 2020 వరకు వచ్చిన 769 పరిశోధన పత్రాలను 2021లో మారీ, ఫుజిత, రుబినో అనే పరిశోధకులు పరిశీలించగా, ఇంచుమించు అన్నీ ఈ లెక్కనే వాడినట్లు తేలింది. ఈ మధ్యకాలంలో దానికంటె మెరుగైనవని ప్రతిపాదింపబడిన కొలమానాలు నూటికి పైగా ఉన్నప్పటికీ స్థితి ఇదే.

ఈ లెక్క తెలుగులో ఎట్లు పనిచేస్తుందో ఒక చిన్న వాక్యంతో ఎవరైనా పరీక్షించుకొనవచ్చు. ‘అతడు నిన్న హైదరాబాదుకు వెళ్ళాడు’ అన్నది పండితుడు చేసిన అనువాదం అనుకొందాం. ఒక యంత్రం ‘నిన్న అతను హైదరాబాదు వెళ్ళాడు’ అన్నది. అర్థంలో ఆవగింజంత భేదం లేదు. అయినా నాలుగు పదాలలో రెండే కలిశాయి. జంట పదాలలో ఒక్కటీ కలువలేదు. మరొక యంత్రం ‘అతడు నిన్న హైదరాబాదుకు వెళ్ళలేదు’ అన్నది. అర్థం తలక్రిందులైంది. కాని నాలుగు పదాలలో మూడు కలిశాయి. మూడు జంటలలో రెండు కలిశాయి. లెక్క ప్రకారం అబద్ధం చెప్పిన యంత్రానిదే పైచేయి. ఈ కొలమానాన్ని సమర్థించేవారు, అది ఒక్క వాక్యానికి ఉద్దేశింపబడలేదని, వేల వాక్యాల సగటులో ఇట్టి వైపరీత్యాలు సర్దుకుంటాయని అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నది. అయితే ప్రత్యయాలు, విభక్తులు పదంలోనే అతుక్కునే తెలుగులో, పదాల వరుస స్వేచ్ఛగా మారే తెలుగులో, ఆ సర్దుబాటు ఇంగ్లీషులో వలె జరుగదు. పదాలకు బదులు అక్షరాల వరుసలను లెక్కించే పద్ధతిని 2015లో మాయా పొపోవిచ్ ప్రతిపాదించింది. విభక్తి భేదానికి పడే శిక్ష అందులో తగ్గుతుంది. కాని ‘వెళ్ళాడు’, ‘వెళ్ళలేదు’ అన్న రెంటికీ మొదటి అక్షరాలు ఒకటే గనుక, నిషేధార్థపు సమస్య దానివల్ల కూడ తీరదు.

అరబీ భాషకు సంబంధించిన ఒక అనుభవం ఇక్కడ స్మరణీయం. అమెరికా జాతీయ ప్రమాణాల, సాంకేతిక సంస్థ 2001 తరువాత అరబీ నుండి, చీనీ నుండి ఇంగ్లీషులోనికి యంత్రానువాద పోటీలు నిర్వహించింది. 2005 నాటి అరబీ ఫలితాలను కాలిసన్-బర్చ్, ఆస్బోర్న్, కోయన్ 2006లో పునఃపరిశీలించారు. మనుష్యులు చదివి ప్రథమ స్థానం ఇచ్చిన అనువాదానికి బ్లూ లెక్కలో ఆరవ స్థానం వచ్చింది. లెక్కకు, మనుష్యుల తీర్పుకు మధ్య ఇంత ఎడం ఉన్నప్పుడు, ఆ లెక్కను సంతలో బిరుదుగా ప్రకటించుకొనడం ఎంతవరకు న్యాయమన్నది ఆలోచింపదగినది.

మనుష్యులు చదివినంత మాత్రాన తీర్పు సరియైనదని కూడ అనరాదు. 2018లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు చీనీ వార్తలను ఇంగ్లీషులోనికి మార్చడంలో తమ యంత్రం మనుష్యులతో సమానమైందని ప్రకటించారు. వారి పరీక్షలో పరీక్షకులు వాక్యాలను విడివిడిగా చదివారు. అదే సంవత్సరం లాయ్‌బ్లీ, సెన్రిక్, వోల్క్ అనేవారు అదే అనువాదాలను వృత్తి అనువాదకులకు ఇచ్చి, విడి వాక్యాలుగా కాక మొత్తం వార్తగా చదివించారు. అట్లు చదివినప్పుడు మనిషి అనువాదానికే స్పష్టమైన మొగ్గు కనిపించింది. ముందు వాక్యంలోని వ్యక్తి తరువాతి వాక్యంలో మరొకడైపోవడం, ఒకే పదానికి ఒక్కొక్కచోట ఒక్కొక్క అనువాదం రావడం వంటి లోపాలు విడి వాక్యాలలో కనిపించవు. యంత్రాన్ని నిర్మించినవారి పరీక్షలో దొరకనిది బయటివారి పరీక్షలో దొరికింది. ఇందులో దురుద్దేశాన్ని ఆరోపించనవసరం లేదు. తన పనిని తాను చూచుకునే కన్ను కొన్నింటిని చూడదు.

అమ్మకంలో ఉన్న యంత్రాలనే పోల్చిన స్వతంత్ర పరీక్షకు మంచి నమూనా 2019లో వెలువడింది. స్టానోవ్‌స్కీ, స్మిత్, జెటిల్‌మాయర్ అనే ముగ్గురు గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్, సిస్ట్రాన్ అనువాద యంత్రాలు నాలుగింటికి ఒకే రకం ఇంగ్లీషు వాక్యాలు ఇచ్చి, ఎనిమిది భాషలలోనికి అనువదింపజేశారు. ఆ ఎనిమిదింటిలో అరబీ ఒకటి. వైద్యుడు అన్న మాటకు వాక్యంలో స్పష్టంగా స్త్రీ సర్వనామం ఉన్నప్పటికీ యంత్రం పురుషునిగా మార్చుతున్నదా అన్న ఒకే ఒక్క అంశాన్ని వారు పరీక్షించారు. నాలుగు యంత్రాలలోనూ ఆ దోషం గణనీయంగా కనిపించింది. ఏ యంత్రం శ్రేష్ఠం అన్న విశాలమైన ప్రశ్నను విడిచి, నిశ్చితమైన ఒక ప్రశ్న వేసినందువల్లనే ఈ పరీక్షకు నిశ్చితమైన సమాధానం వచ్చింది.

అరబీ నుండి తెలుగుకు

గూగుల్ అనువాద సేవలో అరబీ 2006లోనే చేరింది. తెలుగు 2011లో చేరింది. వీలు ఏర్పడినంత మాత్రాన మార్గం నేరుగా ఏర్పడలేదు. అరబీ, తెలుగు వాక్యాలు జంటగా ఉన్న గ్రంథసంపద స్వల్పం. అందుచేత అనేక వ్యవస్థలు ఇంగ్లీషును మధ్యవర్తిగా ఉంచుకొనడం ఈ రంగంలో పరిపాటి. మధ్యవర్తి చేతిలో ఏమి జారిపోతుందో చూడవలసి ఉన్నది.

అరబీలో ఎదుటివానిని సంబోధించడానికి ఐదు రూపాలు ఉన్నాయి. ఒక పురుషునికి ‘అంత’, ఒక స్త్రీకి ‘అంతి’, ఇద్దరికి ‘అంతుమా’, పురుషుల సమూహానికి ‘అంతుమ్’, స్త్రీల సమూహానికి ‘అంతున్న’. ఇంగ్లీషులోనికి రాగానే ఈ ఐదు ఒకటిగా కరిగిపోతాయి. ఆ ఒకదాని నుండి తెలుగులో ‘నీవు’ అనవలెనో, ‘మీరు’ అనవలెనో యంత్రం ఊహించవలసిందే. ఇంతకంటె సూక్ష్మమైనది ‘నహ్ను’ అన్న ఉత్తమ పురుష బహువచనం. తెలుగులో అది ‘మేము’ కావచ్చు, ‘మనము’ కావచ్చు. ఎదుటివానిని కలుపుకుంటే మనము, విడిచిపెడితే మేము. భక్తులు అల్లాహ్‌ను సంబోధించే దుఆలో ‘మనము’ అని పడితే, ప్రార్థింపబడేవాడు ప్రార్థించేవారిలో ఒకడుగా కలిసిపోతాడు. వాక్యం తెలుగులో ఎంతో సాఫీగా ఉంటుంది. తౌహీద్ మాత్రం దెబ్బతింటుంది. ఇట్టి తప్పుకు ఏ కొలమానమైనా వేసే శిక్ష ఒక్క పదానిదే.

అరబీ లిపిలో హ్రస్వ స్వరాలను సాధారణంగా వ్రాయరు. దాల్, యా, నూన్ అన్న మూడు అక్షరాలను ‘దీన్’ అని చదివితే ధర్మం. ‘దైన్’ అని చదివితే అప్పు. ఐన్, లామ్, మీమ్ అన్నవి ‘ఇల్మ్’ అయితే విద్య, ‘అలమ్’ అయితే జెండా. మీమ్, లామ్, కాఫ్ అన్నవి ‘మలిక్’ అయితే రాజు, ‘మలక్’ అయితే దైవదూత, ‘ముల్క్’ అయితే ఆధిపత్యం. వార్తాపత్రికల భాషలో తర్ఫీదు పొందిన యంత్రం వీటిలో వార్తలకు అలవాటైన అర్థానికే మొగ్గుతుంది. ఫిఖ్‌హ్ గ్రంథంలో ఋణ ప్రకరణం వచ్చినప్పుడు ఆ అలవాటు ఎంతవరకు సహాయపడుతుందో పరీక్షించి తెలుసుకొనవలసిందే తప్ప ఊహించరాదు.

పూర్తి అక్షరాలు ఉన్నా చిక్కు తీరని మాటలు కలవు. ‘ఇఖామా’ అన్నది నమాజుకు ముందు సఫ్‌లో నిలబడే వేళ చదివే పిలుపు. గల్ఫ్ దేశాలలో అదే మాట విదేశీయుని నివాస అనుమతి పత్రానికి పేరు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుండి, గోదావరి, కడప జిల్లాల నుండి కువైట్‌కు, దుబాయికి, సౌదీకి పనికి వెళ్ళిన తెలుగువారికి ఈ మాట నమాజు ద్వారా కాక, జేబులోని కార్డు ద్వారా పరిచయం. ‘కఫీల్’ అన్నది నిఘంటువులో హామీదారు. వారి జీవితంలో వీసాకు, ఉద్యోగానికి, కొన్నిచోట్ల స్వదేశ ప్రయాణానికి సైతం సంబంధించిన యజమాని. అరబీలో ఉన్న ఒప్పందం మీద సంతకం పెట్టేముందు సెల్‌ఫోను దానిపై పట్టి తెలుగు చదువుకొనే కూలీకి, వాక్యం అందంగా ఉన్నదా లేదా అన్నది ప్రశ్న కాదు. జీతం ఎంత, సెలవు ఎప్పుడు, పని మానితే ఏమవుతుంది అన్న మూడు విషయాలు సరిగా వచ్చాయా అన్నదే ప్రశ్న. వంద వాక్యాలలో తొంబైఎనిమిది సరిగా వచ్చి, నిషేధార్థకం పోయిన రెండు వాక్యాలు ఆ మూడింటిలోనివైతే, తొంబైఎనిమిది శాతం అన్న అంకె అతనికి ఎందుకూ కొరగాదు.

ఒక్క మాట తప్పితే ఏమవుతుందో 2017 అక్టోబరులో లోకం చూచింది. పడమటి గట్టు ప్రాంతంలో పనిచేసే ఒక పాలస్తీనా కూలీ, బుల్‌డోజరు ప్రక్కన తాను నిలబడిన ఫోటో క్రింద అరబీలో శుభోదయం అని ఫేస్‌బుక్‌లో వ్రాశాడు. ఆ సంస్థ యంత్రం దానిని హీబ్రూలో ‘వారిపై దాడి చేయండి’ అన్న అర్థంతో చూపింది. ఇజ్రాయెల్ పోలీసులు అతనిని పట్టుకొనిపోయి కొన్ని గంటల తరువాత విడిచిపెట్టారు. సంస్థ క్షమాపణ చెప్పింది. అరబీ చదవగల ఒక్క అధికారి మూలాన్ని చూచి ఉంటే ఆ పొరపాటు మొదట్లోనే తెలిసేది. యంత్రం పొరపాటు చేసింది. దానిని సాక్ష్యంగా స్వీకరించిన పని మనుష్యులది.

ముహద్దిసుల గీటురాయి

మౌఖికంగా వచ్చిన వాక్కును ఎవరి నోట విని ఎంతవరకు నమ్మవచ్చు అన్న ప్రశ్నకు ముస్లిం సమాజం ఒక శాస్త్రాన్నే నిర్మించుకున్నది. ‘జర్హ్, తఅదీల్’ అనబడే ఆ శాస్త్రంలో యంత్రాల పరీక్షకు పనికివచ్చే సూత్రాలు కనీసం మూడు కలవు. ఉల్లేఖకుని శీలాన్ని తూచడం ఆ శాస్త్రంలో ప్రధానాంశం. యంత్రానికి శీలం లేదు గనుక ఈ పోలికను అంతకు మించి లాగరాదు. దానికి స్మృతి ఉన్నది, దానిలో లోపాలు ఉన్నాయి. పోలిక అంతవరకే.

మొదటిది, యోగ్యత సందర్భాన్ని బట్టి ఉంటుంది. హిమ్స్ నగరవాసి ఇస్మాయీల్ ఇబ్న్ అయ్యాష్ సిరియా గురువుల నుండి చెప్పినప్పుడు ముహద్దిసులు అంగీకరించారు. హిజాజ్ గురువుల నుండి చెప్పినప్పుడు బలహీనమన్నారు. మనిషి ఒకడే. తీర్పులు రెండు. ఫ్రెంచి నుండి ఇంగ్లీషులోనికి బాగా అనువదించే యంత్రం అరబీ నుండి తెలుగులోనికి కూడ బాగా అనువదిస్తుందనడానికి ఆధారం లేదు. వార్తలలో నమ్మదగినది వక్ఫ్ దస్తావేజులో నమ్మదగినది కానక్కరలేదు. భాషల జంటను, విషయాన్ని పేర్కొనని కితాబు కితాబే కాదు.

రెండవది, యోగ్యత కాలాన్ని బట్టి మారుతుంది. అతా ఇబ్న్ అస్సాయిబ్ వంటి ఉల్లేఖకులకు వార్ధక్యంలో జ్ఞాపకం చెదిరింది. చెదరకముందు విన్నవారెవరు, తరువాత విన్నవారెవరు అని ముహద్దిసులు వేరుచేశారు. నేటి అనువాద యంత్రాలు కొనుగోలుదారుకు తెలియకుండానే మారుతూ ఉంటాయి. 2022 తరువాత విస్తరించిన సంభాషణ యంత్రాలు ఒకే వాక్యానికి రెండుసార్లు రెండు రకాల అనువాదం ఇవ్వగలవు. అందుచేత పరీక్ష జరిగిన తేదీ, యంత్రపు రూపాంతరం, ఎన్నిసార్లు అడిగినది అన్న వివరాలు లేని ఫలితం సనదు లేని ఉల్లేఖనం వంటిది.

మూడవది, పరిచయం ఉన్న పాఠంతో పరీక్షించరాదు. బాగ్దాదు పండితులు ఇమామ్ బుఖారీని పరీక్షించదలచి, వంద హదీసుల సనదులను, మూలాలను తారుమారు చేసి వినిపించారన్నది ప్రసిద్ధ వృత్తాంతం. ప్రశ్న ముందుగా తెలిసి ఉంటే ఆ పరీక్షకు అర్థం లేదు. మెటా సంస్థ 2021లో 101 భాషలకు, 2022లో రెండు వందల భాషలకు ‘ఫ్లోరెస్’ అనే పరీక్షా వాక్యాలను అందరికీ అందుబాటులో ఉంచింది. తెలుగు, అరబీ రెండూ అందులో కలవు. వృత్తి అనువాదకులు చేసిన ఆ కృషి తెలుగు వంటి భాషలకు ఎంతో మేలు చేసింది. కాని బహిరంగంగా ఉన్న వాక్యాలు యంత్రాల చదువులో ఎప్పుడో ఒకప్పుడు చేరిపోయే ప్రమాదం ఉన్నది. అప్పుడు తేలేది జ్ఞాపకశక్తి మాత్రమే. పైగా ఆ వాక్యాలు వికీ రచనల నుండి తీసినవి. వాటిలో దుఆ ఉండదు, ఫత్వా ఉండదు, కూలి ఒప్పందం ఉండదు.

చేయవలసిన పని

అరబీ, ఉర్దూ, తెలుగు మూడూ తెలిసినవారు మద్రసాలలో, విశ్వవిద్యాలయాలలో ఉన్నారు. స్వతంత్ర పరీక్షకు కావలసిన సరంజామా పెద్దది కాదు. ఎక్కడా అచ్చుకాని రెండు మూడు వందల వాక్యాలు చాలు. వాటిని ఉత్తరాలు, ఒప్పందాలు, వక్ఫ్ పత్రాలు, ఫిఖ్‌హ్ చర్చలు, ప్రసంగాలు అని విడదీసి, సందర్భంతో సహా ఇవ్వవలెను. యంత్రాల పేర్లు తొలగించి, మధ్యలో మనుష్యుల అనువాదాలను కూడ కలిపి, కనీసం ఇద్దరు పరీక్షకుల చేత వేరువేరుగా చదివింపవలెను. సుబోధతకు ఒక అంకె, విశ్వసనీయతకు ఒక అంకె విడిగా వేయవలెను. తప్పులను లెక్కించడంతో పాటు తూచవలెను. 2021లో ఫ్రైటాగ్, ఆయన సహచరులు వృత్తి అనువాదకులతో జరిపిన పరిశీలనలో పెద్ద తప్పుకు ఐదు, చిన్న తప్పుకు ఒకటి అన్న లెక్క పాటించారు. ఆ తూకంలో వచ్చిన క్రమం, సామాన్య పాఠకులు ఇచ్చిన క్రమంతో కలువలేదు. పరీక్షకులిద్దరూ ఎక్కడ విభేదించారో దాచకుండా ప్రకటింపవలెను. ఒకరి తీర్పును మరొకరు చూచి దిద్దుకొనరాదు.

భారతదేశంలో ఈ దిశగా కొంత పని జరిగింది. మద్రాసు ఐ.ఐ.టి.లోని పరిశోధక బృందం 2023లో ఐదు భారతీయ భాషలకు నిపుణుల చేత యంత్రానువాదాలలోని తప్పులను గుర్తింపజేసి, ఏ కొలమానం నిపుణుల తీర్పుకు దగ్గరగా ఉన్నదో పరిశీలించింది. తమిళం, మలయాళం, హిందీ, మరాఠీ, గుజరాతీ అందులో ఉన్నాయి. తెలుగు లేదు. తెలుగు నుండి హిందీకి ‘అనుసారక’ వంటి ప్రయత్నాలు జరిగిన హైదరాబాదు నగరానికి ఈ లోటు తీర్చడం అసాధ్యం కాదు.

ఈ నగరానికి అట్టి క్రమశిక్షణ కొత్త కూడ కాదు. 1917లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయ అనువాదశాల, దారుత్తర్జుమా, ఇంగ్లీషు శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చినప్పుడు పరిభాషను అనువాదకుని ఇష్టానికి విడువలేదు. అందుకు పండితుల సంఘాలు వేరుగా పనిచేశాయి. నిజాం కొలువులో ఉన్న మార్మడ్యూక్ పిక్తాల్ 1930లో ఖుర్ఆన్ ఆంగ్లానువాదాన్ని ప్రకటించేముందు దానిని కైరోకు తీసుకొనిపోయి అక్కడి అరబ్బు విద్వాంసునితో కూర్చొని సరిచూచుకున్నాడు. ఇంగ్లీషు అతని మాతృభాష. అరబీ పరిశ్రమించి నేర్చినది. తన లోపం తనకు తెలియదేమోనన్న శంక అతనిని సముద్రం దాటించింది.

యంత్రానికి ఆ శంక లేదు. తెలిసిన వాక్యాన్ని, తెలియని వాక్యాన్ని ఒకే ధీమాతో చెబుతుంది. అందుచేత ఆ శంకను బయటినుండి కలిగించవలసిన బాధ్యత పరీక్షకులది. యంత్రాన్ని నిషేధించమని కోరడం వ్యర్థం. గల్ఫ్‌లోని కూలీకి అర్ధరాత్రి వచ్చిన అరబీ నోటీసును చదివిపెట్టే పండితుడు ప్రక్కన ఉండడు. అతనికి ఆ యంత్రమే దిక్కు. ఆ యంత్రం ఏ మాటల వద్ద తడబడుతుందో ముందుగా చెప్పగలిగితే అతనికి మేలు జరుగుతుంది. జీతం, గడువు, ‘కాదు’, ‘లేదు’ అన్న మాటలు వచ్చిన వాక్యాలను మాత్రమైనా మరొకరికి చూపించి తీరవలెనన్న హెచ్చరిక చాలు. ఖుర్ఆన్, హదీసు అర్థాల విషయంలో ఆ హెచ్చరిక మరింత గట్టిగా ఉండవలెను. అక్కడ పండితుని సంతకం లేని అనువాదాన్ని, అది మనిషి చేసినా యంత్రం చేసినా, ప్రమాణంగా ఉదహరించడం తగదు.